ఒంటికి సర్వమాన్యం

పాత ఇనాం దస్తావేజులు చూసినవారికి 'సర్వమాన్యం' అనే మాట కొత్త కాదు. రాజుగారో, జమీందారుగారో ఒక గుడికో, ఒక పండితుడికో భూమి ఇచ్చి, దాని మీద ఏ శిస్తూ కట్టనక్కర లేదని రాసి ఇస్తే అది సర్వమాన్యం. ఆ సంగతిని రాగిరేకు మీదనో, రాతి మీదనో చెక్కించేవారు. రేపు మరో అధికారి వచ్చి శిస్తు కట్టమంటే చూపించడానికి ఆధారం ఉండాలి కదా!

ఇంగ్లీషు వైద్యంలో వాడే 'ఇమ్యూనిటీ' అన్న మాట కూడా ఇలాంటి రెవిన్యూ మాటే. ప్రాచీన రోములో పన్నుల నుంచీ, ఊరుమ్మడి వెట్టి నుంచీ మినహాయింపు పొందినవాణ్ణి లాటిన్‌లో 'ఇమ్యూనిస్' అనేవారు. వైద్యులు చాలా కాలం తరువాత ఆ మాటను అరువు తెచ్చుకుని, ఒక జబ్బు నుంచి మినహాయింపు పొందిన శరీరానికి వర్తింపజేశారు. మనం దాన్ని రోగనిరోధక శక్తి అంటున్నాం. 'శక్తి' అనేసరికి అదేదో కండబలం లాంటిదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి అది బలం కన్నా జ్ఞాపకానికి దగ్గర. రాగిరేకు మీద చెక్కిన శాసనానికి ఇంకా దగ్గర.

నేను కామర్సు చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. వైద్యం నా వృత్తి కాదు. అయితే మన కుటుంబాల పిల్లలు హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో ఎంతోమంది ఇప్పుడు ఫార్మసీ చదువుతున్నారు. వారి పుస్తకంలో టీకాల అధ్యాయం ఒకటి ఉంటుంది. అందులో పట్టికలుంటాయి గాని కథ ఉండదు. ఆ కథలో చాలా భాగం మనవాళ్ళు తరతరాలుగా బతుకుతున్న ఊళ్ళలోనే నడిచింది. బొంబాయి, మైసూరు, మద్రాసు గిండీ, కూనూరు, చెంగల్పట్టు - ఇవన్నీ టీకాల చరిత్రలో మజిలీలు. ఆ మజిలీల వెంట నడుస్తుంటే నా వృత్తికి బాగా పరిచయమైన ఒక సంగతి కనపడింది. టీకా సీసాలో ఉన్నది మందే కావచ్చు. అది సీసాలోంచి మనిషి ఒంట్లోకి వెళ్ళాలంటే నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది శుద్ధమైన లెక్క.

అమ్మవారి పేర్లు

మశూచికి మన భాషలో పెట్టిన పేరే భయాన్ని చెబుతుంది. జబ్బు వచ్చిందనేవారు కాదు, పెద్దమ్మవారు పోసిందనేవారు. ఇరుగు పొరుగు భాషల్లోనూ ఇంతే. తమిళులకు పెరియమ్మై. మరాఠీలో రోగం పేరే దేవి. ఒరియాలో బసంత అనీ, ఠాకురాణీ అనీ అన్నారు. కన్నడంలో సిడుబు అన్నా, ఇంట్లో మాత్రం అమ్మ అనే పిలుచుకున్నారు. ఇన్ని భాషల వాళ్ళు వేపమండలు పట్టుకుని ఒకే దేవతకు మొక్కారు. సోకినవారిలో నూటికి ముప్ఫై మంది దాకా పోయేవారు. బతికినవారిలో కొందరికి కళ్ళు పోయేవి, చాలామందికి ముఖం నిండా మచ్చలు మిగిలేవి.

అయితే ఒకసారి వచ్చి పోయినవారికి మళ్ళీ రాదని ఊరూరా తెలుసు. ఇది మనకొక్కరికే తెలిసిన రహస్యం కాదు. క్రీస్తుపూర్వం 430లో ఏథెన్సు నగరాన్ని ఒక మహమ్మారి పట్టినప్పుడు, జబ్బు పడి లేచినవారే భయం లేకుండా రోగులకు సేవ చేశారని థ్యుసిడిడీస్ రాసిపెట్టాడు. ఒకసారి శిస్తు కట్టినవాడికి మళ్ళీ తాఖీదు రాదన్నమాట.

కట్టక తప్పని ఆ శిస్తేదో తక్కువలో కట్టి రసీదు తెచ్చుకునే ఉపాయం ఉందా అని మన దేశంలో ఎవరో ఆలోచించారు. బెంగాల్, ఒరిస్సా ప్రాంతాల్లో టీకాదారులనే వారుండేవారు. మశూచి రోజులు మొదలయ్యే ముందు ఊళ్ళ వెంట తిరిగేవారు. కిందటి ఏడు పొక్కుల నుంచి తీసి దాచిన పదార్థాన్ని చేతి మీద చిన్న గాటు పెట్టి రాసేవారు. పథ్యం చెప్పేవారు, చన్నీళ్ళ స్నానం చేయించేవారు. హాల్వెల్ అనే ఆంగ్ల వైద్యుడు 1767లో ఈ పద్ధతినంతా వివరంగా రాసి లండన్‌లో అచ్చువేయించాడు. ఈనాడు మనం వాడే 'టీకా' అన్న మాట ఆ టీకాదారుల వృత్తికి చెందినదే.

అది అసలు మశూచే, కాకపోతే కొంచెం తేలికగా వచ్చేది. నూటికి ఒకరిద్దరు దానితోనే పోయేవారు. పైగా వేయించుకున్నవారి నుంచి పక్కవారికి అసలు జబ్బు అంటుకునే ప్రమాదం ఉండేది. అంటే శిస్తు తగ్గింది గాని సర్వమాన్యం కాలేదు.

చేతి నుంచి చేతికి

ఇంగ్లండులో పాలు పితికే స్త్రీలకు ఆవుల పొదుగు మీద వచ్చే పొక్కులు చేతులకు అంటుకునేవి. వారికి మశూచి రాదని పల్లెల్లో చెప్పుకునేవారు. ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు ఆ మాటను పరీక్షకు పెట్టాడు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమనిషి చేతి పొక్కులోంచి రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి ఎక్కించాడు. తరువాత అసలు మశూచి పదార్థం ఎక్కించినా ఆ పిల్లవాడికి జబ్బు రాలేదు. 1798లో ఆ సంగతి పుస్తకంగా వేశాడు. లాటిన్‌లో ఆవును 'వక్కా' అంటారు గనక అది వ్యాక్సిన్ అయింది.

ఆ రోజుల్లో ఐస్ పెట్టెలు లేవు. ఓడ ప్రయాణంలో టీకా రసి ఎండకు చచ్చిపోయేది. అందుకని వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా మనిషి చేతి నుంచి మనిషి చేతికి మార్చుకుంటూ తెచ్చారు. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేసిన టీకా పట్టింది. ఆ పసిదాని చేతి పొక్కు నుంచి ఇతర పిల్లలకు, వారి నుంచి ఇంకొందరికి వేస్తూ పోయారు. ఆ ఏడే అది మద్రాసుకు చేరింది.

మైసూరుకు చేరినప్పటి ముచ్చట ఒకటుంది. థామస్ హిక్కీ అనే చిత్రకారుడు 1805 ప్రాంతంలో ముగ్గురు స్త్రీల బొమ్మ వేశాడు. వారు నాట్యకత్తెలని చాలాకాలం అనుకున్నారు. కేంబ్రిడ్జి చరిత్రకారుడు నైజెల్ చాన్సలర్ మాత్రం వారు మైసూరు అంతఃపుర స్త్రీలని వాదించాడు. మూడవ కృష్ణరాజ ఒడయరు రాణి దేవాజమ్మణ్ణి పైట కొంచెం తొలగించి ఎడమ భుజం మీద టీకా వేసిన చోటు చూపిస్తోందని ఆయన వివరణ. పెద్ద రాణి లక్ష్మీ అమ్మణ్ణి భర్తను మశూచి పొట్టన పెట్టుకున్నదట. ఆ వివరణే నిజమైతే, పరపురుషుల ముందుకు రాని రాణీలు జనానికి నమ్మకం కలిగించడానికి బొమ్మలో చేయి చూపించారన్నమాట. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇదే కాలంలో మద్రాసులో మరో దారి తొక్కినవాడు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా నిరూపించిన పండితుడు ఆయనే. జనం గోటీకాను శంకిస్తున్నారని, అది అమ్మవారే ఆవు ద్వారా ప్రసాదించిన వరమన్నట్టు ఒక పురాణకథ అల్లాడు. ఉద్దేశం మంచిదే. కాని కల్పించిన శాస్త్రప్రమాణంతో సంపాదించిన నమ్మకం ఎన్నాళ్ళు నిలుస్తుంది? దొంగ జామీను మీద ఇచ్చిన అప్పు లాంటిదది.

జనం శంకకు కారణాలూ లేకపోలేదు. ఒక బిడ్డకు టీకా వేస్తే ఎనిమిదో రోజు ఆ బిడ్డను మళ్ళీ తీసుకురమ్మని, ఆ పొక్కు చిదిమి మరో బిడ్డకు వేసేవారు. తన బిడ్డ చేతి పుండు చిదిమితే ఏ తల్లి ఊరుకుంటుంది? ఎవరి రసి ఎవరి ఒంట్లోకి పోతోందో అన్న కులభయం ఒకటి. ఒకరి నుంచి ఒకరికి సవాయి వంటి రోగాలు పాకుతాయన్న నిజమైన ప్రమాదం ఇంకొకటి. దీనికి విరుగుడు దూడల నుంచి టీకా రసి తీయడం. మద్రాసు రాష్ట్రానికి ఆ రసి తయారు చేయడానికే గిండీలో 1899లో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. అక్కడ శానిటరీ కమిషనరుగా పనిచేసిన కింగ్ దొర పేరది. మన తాతల చేతుల మీది మచ్చల్లో ఎన్నో గిండీ చలవే.

ఒంటి చిట్టా ఆవర్జాలు

ఆవు పొక్కు మశూచిని ఎందుకు ఆపింది? జెన్నర్‌కు తెలియదు. ఆయనకు క్రిములంటేనే తెలియదు. ఇప్పుడు మనకు తెలిసినంతలో చెబుతాను.

మన ఒంట్లో కాపలా రెండంచెలుగా ఉంటుంది. మొదటి అంచె పుట్టుకతో వచ్చేది. చర్మం, ముక్కులోని జిగురు, కడుపులోని ఆమ్లం, దొరికిన క్రిమినల్లా మింగేసే తెల్లకణాలు ఇందులోవే. గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటివి. కొత్తవాడెవడైనా అడ్డగిస్తాయి గాని, వచ్చినవాడెవడో పుస్తకంలో రాసుకోవు.

రెండో అంచె నేర్చుకునేది. ఇందులో లింఫోసైట్లనే కణాలున్నాయి. బి కణాలు ఒక్కో క్రిమి ఆకారానికి సరిగ్గా అతికే యాంటీబాడీలు తయారుచేస్తాయి. టి కణాల్లో కొన్ని ఆ పనిని నడిపిస్తాయి, కొన్ని క్రిమి జొరబడిన కణాలను చంపుతాయి. మొదటిసారి ఈ తతంగానికి వారం పది రోజులు పడుతుంది. ఆ లోపల జబ్బు ముదరవచ్చు. పోరాటం ముగిశాక ఆ కణాల్లో కొన్ని జ్ఞాపకకణాలుగా మిగులుతాయి. రెండోసారి అదే క్రిమి వస్తే పాత పద్దు తీసినట్టు అవి వెంటనే లేస్తాయి. ఆవు మశూచి క్రిమి, మనిషి మశూచి క్రిమి దగ్గరి చుట్టాలు. ఒకదాన్ని గుర్తుపట్టిన శరీరం రెండోదాన్నీ గుర్తుపడుతుంది. టీకా చేసేదల్లా ఇదే. జబ్బు పడకుండానే ఒంటి ఆవర్జాలో పద్దు రాయించడం. పద్దు సిరా ఆరకుండా ఉండడానికి కొన్ని టీకాలకు బూస్టరు వేస్తారు.

ఫార్మసీ విద్యార్థులు తడబడే ఒక తేడా ఇక్కడే చెప్పాలి. టీకాతో శరీరమే యాంటీబాడీలను సంపాదించుకుంటుంది. అది సొంత సంపాదన, ఆలస్యంగా వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. అలా కాక ఇతరులు తయారుచేసిన యాంటీబాడీలనే ఎక్కిస్తే అది చేబదులు. వెంటనే అక్కరకొస్తుంది, కొద్ది వారాల్లో ఖర్చయిపోతుంది. 1890లో బేరింగ్, కిటసాటో కంఠసర్పికీ ధనుర్వాతానికీ కనిపెట్టిన సీరం ఇలాంటి చేబదులే. తల్లి గర్భంలోనూ చనుబాలలోనూ బిడ్డకు అందేదీ అదే.

ఈ రెండూ ఒకేసారి కావలసిన సందర్భం పిచ్చికుక్క కాటు. పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేశాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. అంతకుముందు కరిపించుకున్నవారికి దిక్కు లేదు. రేబిస్ క్రిమి నరాల వెంట మెల్లగా మెదడుకు పోతుంది గనక కాటు పడ్డాక వేసినా టీకాకు వ్యవధి దొరుకుతుంది. గాయం లోతుగా ఉంటే ఆ వ్యవధి చాలదేమోనని గాయం చుట్టూ యాంటీబాడీలను కూడా ఎక్కిస్తారు. ఇది చేబదులు, అది సొంత సంపాదన. గొర్రె మెదడు నుంచి తయారుచేసి బొడ్డు చుట్టూ పొడిచే పాత టీకా 2004తో మన దేశంలో ఆగిపోయింది. ఇప్పటిది చేతికి వేసేదే, నాలుగైదు మోతాదులు. భయపడవలసిన పని లేదు. మొదట సబ్బుతో, పారే నీటితో పావుగంట గాయం కడగడం మాత్రం ఏ టీకాకూ తీసిపోని వైద్యం.

సీసా నంబరు 53-ఎన్

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. ఒడెస్సాలో పుట్టి, పారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేసి, కలరా టీకాతో 1893లో ఇండియాకు వచ్చిన వాల్డెమార్ హాఫ్‌కిన్‌ను ప్రభుత్వం బొంబాయికి పంపింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న గదిలో మూడు నెలల్లో ఆయన ప్లేగు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న మామూలు మోతాదుకు మించి తనకే వేసుకున్నాడు. ఆ నెలాఖరున బైకుల్లా జైల్లో ప్లేగు పుడితే, ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేసి, వేయించుకోనివారితో పోల్చి లెక్కగట్టాడు. ఆ జైలుకు దాపులనే కామాఠిపుర. నిజాం ఇలాకా నుంచి వలసపోయిన తెలుగు కూలీల, మేస్త్రీల పేరు మీద వెలసిన పేట అది. ఇరుకు చాళ్ళలో ఉండే అలాంటి కూలిజనమే ప్లేగుకు మొదటి మేత.

అదే ఏడు పూనాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ప్లేగు కమిషనరు రాండ్ సోల్జర్లను ఇళ్ళ మీదికి పంపి సోదాలు చేయించాడు. జనం మండిపడ్డారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు అతణ్ణి కాల్చారు. ఒకే జబ్బు, ఒకే ఏడు, నూరు మైళ్ళ దూరంలో రెండు పద్ధతులు. హాఫ్‌కిన్ తన చేయి ముందు చాపి, ఇష్టమైనవారికే టీకా వేశాడు. రాండ్ తలుపులు బద్దలుకొట్టాడు.

అయినా హాఫ్‌కిన్‌ను కష్టం వదలలేదు. 1902 అక్టోబరు 30న పంజాబులో ముల్కోవాల్ అనే పల్లెలో 107 మందికి ప్లేగు టీకా వేస్తే, వారిలో 19 మంది ధనుర్వాతం వచ్చి చనిపోయారు. ఆ 19 మందికీ వేసినది ఒకే సీసాలోది. దాని నంబరు 53-ఎన్. మిగిలిన సీసాలవారికి ఏమీ కాలేదు. విచారణ సంఘం నేరమంతా బొంబాయి ప్రయోగశాల మీద మోపింది. హాఫ్‌కిన్ ఉద్యోగం పోయింది. తరువాత కాగితాలన్నీ బయటపడేసరికి అసలు సంగతి తేలింది. ఆ పల్లెలో సీసా మూత తీస్తున్నప్పుడు సహాయకుడి చేతిలోని పట్టుకారు నేల మీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే మూత లాగారు. సీసా తెరిచినప్పుడు కుళ్ళు వాసన కూడా లేదు. బొంబాయిలోనే కలుషితమై ఉంటే అన్నాళ్ళ తరువాత వాసన రాకుండా ఉండదు. 1907లో రోనాల్డ్ రాస్ తదితర శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్‌లో రాశాక ప్రభుత్వం దిగివచ్చింది. మలేరియా దోమ గుట్టును సికింద్రాబాదులో కనిపెట్టిన రాసే ఈయన. బొంబాయి పరేల్‌లోని ఆ ప్రయోగశాలకు 1925లో హాఫ్‌కిన్ పేరు పెట్టారు.

దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, హాఫ్‌కిన్‌ను కాపాడింది ఒక నంబరు. ఏ సీసా ఎప్పుడు నింపారు, ఏ ఊరికి పోయింది, ఎవరికి వేశారు అన్న చిట్టా లేకపోతే 19 చావులకు టీకా అంతా దోషి అయ్యేది. ఈనాడు ప్రతి సీసా మీదా బ్యాచి నంబరు వేసేది అందుకే. దాన్ని రిజిస్టరులో ఎక్కించడం గుమాస్తా పనిగా చూడవద్దని ఫార్మసీ పిల్లలకు చెబుతున్నాను.

చెంగల్పట్టు ఫలితం

లెక్క శుద్ధంగా ఉండాలంటే నష్టం కూడా రాయాలి. దానికి మంచి ఉదాహరణ చెంగల్పట్టు.

క్షయకు బి.సి.జి. టీకాను మన దేశంలో 1948లో మొదలుపెట్టారు. తొలి కేంద్రాల్లో ఒకటి రాయలసీమలోని మదనపల్లె. పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం ఉండేది గనక అది సహజమే. గిండీలో ఆ ఏడే బి.సి.జి. ప్రయోగశాల వచ్చింది. దేశమంతా వేస్తుండగా రాజాజీ అడ్డం తిరిగారు. తానెందుకు వ్యతిరేకిస్తున్నానో 1955లో ఒక చిన్న పుస్తకమే వేశారు. అంత పెద్దమనిషి అనేసరికి చాలామంది తటపటాయించారు.

ఎవరి మాట నిజం? వాదనతో తేలేది కాదు, లెక్కతో తేలాలి. 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాయి. రెండున్నర లక్షలకు పైగా జనాన్ని చేర్చుకుని, కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షను వేసి, ఏళ్ళ తరబడి వారి వెంట తిరిగారు. మొదటి ఫలితం 1979లో వెలువడింది. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆ జిల్లాలో ఆపలేదు. పదిహేనేళ్ళు చూసినా అదే తేలింది.

ప్రపంచంలో అంత పెద్ద పరీక్షలో అంత నిరుత్సాహకరమైన ఫలితం. అయినా దాన్ని దాచలేదు, యథాతథంగా అచ్చువేశారు. మరి ఇప్పటికీ పుట్టిన బిడ్డకు బి.సి.జి. ఎందుకు వేస్తున్నారని అడగవచ్చు. పసిపిల్లల్లో క్షయ మెదడు పొరలకు పాకడం, ఒళ్ళంతా కమ్మేయడం వంటి ప్రాణాంతక రూపాలను అది బాగా ఆపుతుందని వేరే లెక్కలు చెబుతున్నాయి గనక. ఏ టీకా దేనికి పనికివస్తుందో, దేనికి రాదో రెండూ చెప్పినవాడి మాటే మూడోసారి నమ్ముతాం. 2021 జనవరిలో హైదరాబాదు కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇచ్చినప్పుడు దేశంలో చర్చ రేగింది. తరువాత వచ్చిన ఫలితాలు టీకాకు అనుకూలంగానే ఉన్నాయి. అయినా లెక్క ముందు, అనుమతి తరువాత అన్న వరస తప్పితే మంచి సరుకుకు కూడా అనుమానం అంటుకుంటుంది.

చివరి రోగి

మశూచి కథ మాత్రం పూర్తయింది. 1974లో మన దేశంలో లక్షా ఎనభై వేల పైచిలుకు మందికి సోకి, ముప్పై వేలకు పైగా ప్రాణాలు తీసింది. ఆ మరుసటి ఏడే అది అంతరించింది. కోట్లమందికి ఊరికే పొడుచుకుంటూ పోవడం వల్ల కాదు. ఎక్కడ ఒక కేసు వచ్చిందంటే అక్కడికి పరుగెత్తి, ఆ ఇంటి చుట్టూ, ఆ ఊరి చుట్టూ అందరికీ టీకా వేసి దడి కట్టారు. కేసు చెప్పినవారికి బహుమతి ఇచ్చారు. గిండీ, బెల్గాం, హైదరాబాదు, పట్వాడంగర్‌లలో తయారైన పొడి టీకా ఎండకు తట్టుకుంది. 1975 మే నెలలో అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్‌లో దొరికిన సైబన్ బీబీ అనే స్త్రీ మన గడ్డ మీద కడపటి రోగి. 1980 మే 8న ప్రపంచమంతటా మశూచి లేదని ప్రకటించారు. నా వయసువాళ్ళ చేతుల మీది మచ్చ ఆ దస్తావేజుకు వేసిన ముద్ర.

పోలియోదీ దాదాపు ఇదే దారి. 1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరి 13న హౌరాలో కనపడ్డదే మన దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న మనకు పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కుంది. టీకా గెలిచేకొద్దీ జబ్బు కంటికి కనపడదు. జబ్బు కనపడకపోతే టీకా ఎందుకన్న ప్రశ్న పుడుతుంది. కంఠసర్పితో ఊపిరాడక గిలగిలలాడే బిడ్డను ఈనాటి తల్లి చూసి ఉండదు. ఇంజెక్షను వేసిన రాత్రి జ్వరంతో ఏడ్చే బిడ్డను మాత్రం చూస్తుంది. కనపడే చిన్న ఖర్చు పెద్దదై, కనపడని పెద్ద లాభం చిన్నదవుతుంది. తట్టు వంటి జబ్బు ఊళ్ళో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి. ఆ తొంభై అయిదుగురి చాటున టీకా వేయకూడని పసికందులు, జబ్బుమనుషులు బతుకుతారు. మరీ ఎక్కువమంది ఒకేసారి డిపాజిట్లు తీసుకుంటే ఎంత గట్టి బ్యాంకయినా కూలుతుంది. ఇదీ అంతే.

మందుల కౌంటరు దగ్గర

డాక్టరును అడగడానికి మొహమాటపడే మనిషి మందుల షాపులో అడుగుతాడు. అందుకని ఫార్మసీ విద్యార్థికి కొన్ని సంగతులు కంఠతా ఉండాలి.

ప్రభుత్వ పట్టిక ప్రకారం పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, ఇరవై నాలుగు గంటల్లోపు హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావలెంట్. ఆ వరసలోనే రోటా, న్యుమోనియా, పోలియో ఇంజెక్షన్లు. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోసారి. అయిదారేళ్ళకు డి.పి.టి. బూస్టరు. పది, పదహారేళ్ళకు ధనుర్వాతం-కంఠసర్పి. గర్భిణికి ధనుర్వాతం-కంఠసర్పి టీకా వేస్తారు. బతికిన క్రిములతో చేసే రుబెల్లా, ఆటలమ్మ వంటి టీకాలు ఆమెకు వేయరు. పట్టిక మారుతూ ఉంటుంది గనక సరికొత్తది దగ్గర ఉంచుకోవాలి.

విద్యార్థి సంగతి కూడా ఉంది. రక్తంతో, సూదులతో మసిలేవారు హెపటైటిస్-బి మూడు మోతాదులు వేయించుకోవాలి: మొదటిది, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే పద్దు పడిందో లేదో తెలుస్తుంది. ఒకప్పుడు ఈ టీకా దిగుమతి సరుకు, మధ్యతరగతికి అందని ధర. 1997లో హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఇక్కడే తయారుచేశాక ధర కిందికి దిగింది.

టీకాకు ప్రాణం చలవ. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. పోలియో చుక్కలకు వేడి శత్రువు. పెంటావలెంట్, హెపటైటిస్-బి వంటివి గడ్డకడితే చెడతాయి. కాబట్టి ఫ్రీజరుకు ఆనించి పెట్టడం జాగ్రత్త కాదు, నష్టం. సీసా మీద వృత్తంలో చిన్న చతురస్రం ఉంటుంది. అది చుట్టూ ఉన్న రంగంత ముదిరితే ఆ సీసా పనికిరాదు. చదువురానివారు కూడా చూసి చెప్పగల లెక్క అది.

చివరగా మన బోటి వలస కుటుంబాల సంగతి. పాలమూరు నుంచి మహారాష్ట్ర పనులకు, ఒరిస్సా నుంచి ఇటుక బట్టీలకు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోయే ఇళ్ళల్లో పిల్లల టీకాలు మధ్యలో ఆగిపోతాయి. కార్డు ఒక భాషలో ఉంటుంది, చూసే నర్సుకు మరో భాష. మళ్ళీ మొదటి నుంచీ వేయాలేమోనని తల్లి భయపడి అసలుకే మానుకుంటుంది. అక్కరలేదు. మధ్యలో ఎంత విరామం వచ్చినా సాధారణంగా ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు, పడిన మోతాదు వృథా పోదు. బ్రాంచి మారితే ఖాతాలో నిల్వ పోదు కదా, ఇదీ అలాగే. ఈ ఒక్క ముక్క ఆ తల్లికి ఆమె భాషలో చెప్పగలిగితే చాలు. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన బళ్ళారి పిల్లవాడూ, తెలుగు, ఒరియా రెండూ వచ్చిన బరంపురం పిల్లా ఈ పనికి అందరికన్నా తగినవారు. కార్డు చూసి పడిన మోతాదులేవో, పడవలసినవేవో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆమె చేతికి ఇవ్వండి. రెండు వందల ఏళ్ళుగా చేతి నుంచి చేతికి వస్తున్న నమ్మకానికి అది కొనసాగింపు.